తాత కంచంలో పరిగెలు

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ మాట చెప్పకుండా ఇంకో మాట మొదలుపెట్టడం నావల్ల కావడం లేదు, ఏమీ అనుకోకండి. నలభై మూడేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల్ని పెంచి, దూరవిద్యలో మూడేళ్ళ చదువుని ఐదేళ్ళకి సాగదీసి, చివరికి పాసయ్యాను. ఫోనులో రిజల్టు చూసుకున్న గంటకే గాజువాకలో బస్సెక్కాను. అనకాపల్లిలో దిగి చోడవరం బస్సు పట్టుకునే లోపల నలుగురికి చెప్పేశాను. ఆ నలుగురిలో ఒక పెద్దాయనకి సరిగా వినపడదు. ఆయన నా ఫోను తీసుకుని, చెయ్యి బారుగా చాపి, మార్కుల పట్టీ పైనుంచి కిందదాకా చూసి, మీ అమ్మాయా అని అడిగాడు. కాదండీ నేనే అన్నాను. ఆయన నా మొహం చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు, లెక్క సరిపోనట్టు తల ఊపి ఫోను ఇచ్చేశాడు. నాకేం కోపం రాలేదు. మా నాన్న వైపు గానీ, మా అమ్మ వైపు గానీ, నాకు తెలిసినంత మేర డిగ్రీ అన్న మాట మా ఇళ్ళలోకి రావడం ఇదే మొదలు. లెక్క సరిపోకపోవడంలో వింతేముంది.

మా ఊరు చోడవరానికీ వడ్డాదికీ మధ్యలో ఉంటుంది. బస్సు దిగి చెరకు తోటల మధ్య నడిచి వెళ్ళేసరికి మా అమ్మ పెరట్లో నూతి దగ్గర ఉంది. చెప్పాను. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, "ఎంత సదువే అది?" అంది. బీయ్యే అన్నాను. "అయితే మంచిదే. మంచి పని సేసేవు. ఇదిగో, కాలవలో నీళ్ళొదిలేరు, పరిగెలు దొరికేయి. నాకు నడుం వంగట్లేదు, నువ్వు కోసి పెట్టు," అంది. బీయ్యే పాసైన మనిషిని వచ్చినట్టే తీసుకెళ్ళి కత్తిపీట ముందు కూర్చోబెట్టింది.

పరిగెలంటే తెలియనివాళ్ళకి చెబుతాను. మూడు వేళ్ళ వెడల్పు, అరచేతి పొడుగు ఉండే చిన్న చేపలు. వెండి రేకులా మెరుస్తాయి. చెరువుల్లో, కాలవల్లో, వానాకాలం అయితే వరిమళ్ళలో కూడా దొరుకుతాయి. రుచికి వాటి ముందు పెద్ద చేప ఏదీ ఆగదు. కానీ ఒంటి నిండా ముళ్ళే. నడుమన వెన్నుముల్లు ఒకటుంటుంది, దాన్ని ఎవరైనా తీసేస్తారు. కండలో కండలా కలిసిపోయి, వెంట్రుక కంటే కాస్త లావుగా, పంగలకర్రలా కొస చీలిన ముళ్ళు కొన్ని ఉంటాయి. అవి కంటికి కనపడవు. నాలిక్కి కూడా ఆఖర్నే తెలుస్తాయి. అందుకే పట్నంలో వీటిని కొనేవాళ్ళు తగ్గిపోయారు.

బూడిద రాసి పొలుసు తీస్తుంటే ఆ వాసన వచ్చింది. పచ్చి చేప నీచు, తడి బూడిద, నూతిగట్టు పాచి, ఈ మూడూ కలిసిన వాసన. నా వయసు ఎక్కడికో జారిపోయింది. నేను మళ్ళీ పదేళ్ళ గుంటనై, మా వైపు పిల్లని గుంట అంటారు, పెంకుటింటి వెనక, చూరు నీళ్ళు పడి గుంటలు పడ్డ చోట, మా మామ్మ పక్కన గొంతుకూర్చుని ఉన్నాను. మామ్మ అంటే మా నాన్న తల్లి. ఆమె నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది, వెలిగినా వెలక్కపోయినా. చేపలు కోసేటప్పుడు చుట్ట ఆ పెదవి మూల నుంచి ఈ పెదవి మూలకి తిరిగేది. ఆమె నోరు మాట్లాడే అవసరం లేని పనుల్లో చేపలు కోయడం ఒకటి. చేతులే అన్నీ చెప్పేవి.

మా తాత బెల్లం వండేవాడు. గానుగాడే రోజుల్లో ఆయన పెనం దగ్గర ఉంటే చాలు, చుట్టుపక్కల రైతులు నిశ్చింతగా పడుకునేవారట. పాకం ఎప్పుడు దించాలో ఆయన కన్ను చెప్పేది. అలాంటి కన్ను నాకు ఊహ తెలిసేసరికే పోయింది. కంటి నరం ఎండిపోయిందని చోడవరంలో డాక్టరు చెప్పాడట. మా అమ్మ మాత్రం ఆ పొగే మింగేసిందనేది. నాకు గుర్తున్న తాత అంతా వసారాలో నులక మంచం మీద కూర్చున్న తాతే. దగ్గరికి వెళితే ఆయన చొక్కాలోంచి మాడిన చెరకు పిప్పి వాసన వచ్చేది. పెనం దగ్గరికి వెళ్ళడం మానేసి ఏళ్ళు గడిచినా ఆ వాసన ఆయన్ని వదల్లేదు.

ఆయనకి చెయ్యి పట్టుకుని నడిపిస్తే కోపం. మంచం నుంచి నూతికి పద్దెనిమిది అడుగులు, నూతి నుంచి వంటింటి గుమ్మానికి పదకొండు. తాడు పట్టుకుని తోడుకునేది ఆయనే, ఒంటి మీద పోసుకునేది ఆయనే. చుట్ట కూడా తనే చుట్టుకునేవాడు. వసారాలో కూర్చుని ఇంట్లో ఎవరేం చేస్తున్నారో చప్పుడు బట్టి చెప్పేసేవాడు. "పులుసు కింద మంట పెద్దదయ్యింది, తగ్గించండే," అనేవాడు. నిజంగా పెద్దదయ్యే ఉండేది. ఊళ్ళో ఇంకో గుడ్డాయన ఉండేవాడు, ఆయనకి కోడలు ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఆ ఇంటి మాట వస్తే తాత మొహం గోడ వైపు తిప్పేసుకునేవాడు. ఏదో ఒకనాటికి తనకీ అదే గతి పడుతుందన్న భయం ఆయన ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. కానీ ఇంట్లో అందరికీ తెలుసు.

అలాంటి మనిషి పరిగెల పులుసు తినేవాడు, తన చేత్తో. చూపున్న మేమే దీపం దగ్గరికి జరుపుకుని, ముల్లు ముల్లు వెతుక్కుంటూ తింటే, ఆయన తలెత్తి ఎటో చూస్తూ తినేవాడు. కంచంలో చేప తల ఎప్పుడూ ఎడమ వైపు ఉండాలి, అది ఒక్కటే ఆయన అడిగేది. వేళ్ళతో తల దగ్గర మొదలుపెట్టి తోకదాకా ఒకసారి తడిమి, వెన్నుముల్లు ఒక్క లాగుతో తీసి, కంచం అంచున పెట్టేవాడు. మిగతాదంతా అన్నంలో కలిపి నమిలేసేవాడు. ఆ సన్న ముళ్ళ సంగతి ఏమిటని మీరు అడగాలి. అది మామ్మ కత్తిలో ఉంది.

చేపకి పొలుసు తీసి, మొప్పలు, రెక్కలు కోసి, పొట్ట నొక్కి చేదు తిత్తి పగలకుండా లోపలిది లాగేశాక, అందరూ అక్కడితో ఆపేస్తారు. మామ్మ ఆపేది కాదు. కత్తిపీట మీద కాలు వేసి, ఎడమచేత్తో తల, కుడిచేత్తో తోక పట్టుకుని, చేప పక్కని కత్తికి ఆనించి, కుడిచేతిని కాస్త తన వైపు లాగుతూ గాట్లు పెట్టేది. వడ్లగింజంత ఎడంలో ఒకటి, మళ్ళీ ఒకటి, తోకదాకా. అటు తిప్పి మళ్ళీ అలాగే. ప్రతి గాటుకీ కర్ మని సన్నటి చప్పుడు వచ్చేది. అది కండలో దాక్కున్న ముల్లు తెగిన చప్పుడు. ఒక్క ముల్లు నాలుగైదు ముక్కలైపోయేది. తరవాత చింతపండు పులుసులో మట్టి దాకలో, సన్న సెగ మీద, మధ్యాన్నం దాకా ఉంటే ఆ ముక్కలు మెత్తబడి, అన్నంలో నూక పలుకంత కూడా తగిలేవి కావు. తాత వసారాలోంచి ఆ కర్ కర్ వినేవాడు. ఆ చప్పుడు విన్న రోజున ఆకలి ముందే మొదలయ్యేది ఆయనకి. ఎన్ని చేపలో చప్పుడు బట్టి లెక్క కూడా చెప్పేవాడు.

నాది పుర్రచెయ్యి. అంటే ఎడమచేతి వాటం. బడిలో పంతులు ఎడమచేతి వేళ్ళ మీద బెత్తంతో కొట్టేవాడు, ఇంట్లో మామ్మ మోచేతి మీద కొట్టేది. అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకున్నాను, అందులో నాకేం అభ్యంతరం లేదు. రాత మాత్రం ఎంత కొట్టినా కుడిచేతికి రాలేదు. కత్తిపీట దగ్గరకైతే మామ్మ రానిచ్చేదే కాదు. "పుర్రసెయ్యి గుంట కోస్తే సేప కాదు, ఏలు తెగుద్ది," అనేది. నేను పక్కన కూర్చుని బూడిద అందించేదాన్ని, నీళ్ళు పోసేదాన్ని, కడుపులో మాత్రం ఆ కర్ చప్పుడు నా చేతిలోంచి రావాలని ఉండేది. వచ్చే జన్మకైనా రావాలని.

ఆ వానాకాలం మా చిన్నత్త పురుడని మామ్మ దేవరాపల్లి వెళ్ళింది. నాన్న సుగర్ ఫేక్టరీ పనికి, అమ్మ మళ్ళలోకి నాట్లకి వెళ్ళారు. మధ్యాన్నం ముందర చేపల నూకాలు వచ్చి, తాతకని డజను పరిగెలు ఆకులో పెట్టి ఇచ్చి వెళ్ళింది. నాకిక ఎవరూ అడ్డులేరు. వాన మొదలైంది, పెంకుల మీద ఒకటే మోత. చూరు కింద కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. ఎన్నేళ్ళుగానో చూసిన పని, మామ్మ ఎలా పట్టుకునేదో అలాగే పట్టుకున్నాను, ఎడమచేతిలో తల, కుడిచేతిలో తోక. చెయ్యి లాగడం మాత్రం నా బలమున్న చేత్తోనే లాగాను, ఎడమచేత్తో. గాట్లు ఎంత ముద్దుగా పడ్డాయో చెప్పలేను. దువ్వెనతో దువ్వినట్టు. మామ్మ గాట్ల కంటే దగ్గరగా పడ్డాయి. నా కళ్ళకి అవి మామ్మ గాట్లలాగే కనిపించాయి. చప్పుడు రావడం లేదని నాకు తోచలేదు. వాన మోతలో ఏం వినిపిస్తుంది. వసారాలో తాతకీ వినిపించలేదు.

పులుసు నేనే పెట్టాను. తాత వాసన చూసి మెచ్చుకున్నాడు. కంచంలో తల ఎడమ వైపుకి పెట్టి చేప వేశాను. ఆయన ఎప్పట్లాగే తలెత్తి వాన వింటూ రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకి చెయ్యి ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. దగ్గు రాలేదు, దగ్గు రాకపోవడమే నన్ను భయపెట్టింది. గొంతు పట్టుకుని లేచి నిలబడ్డాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను వానలో మళ్ళ దాకా పరిగెత్తాను. అమ్మ వచ్చి అన్నం ముద్దలు మింగించింది, అరటిపండు మింగించింది. ముల్లు కదల్లేదు. మర్నాడు చోడవరంలో డాక్టరు పటకారుతో తీశాడు. గోరంత పొడుగున్న ముల్లు. ఒక్క చోట కూడా తెగలేదు. ఆ ముల్లుని డాక్టరు మా అమ్మ అరచేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని చూసి, తరవాత నన్ను చూసింది.

ఆ రోజుతో తాత చేపలు మానేశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కంచంలో చేప వేస్తే వేళ్ళతో తడిమి పక్కకి తోసి, మజ్జిగ పోయమనేవాడు, అంతే. మామ్మ దేవరాపల్లి నుంచి వచ్చి సంగతి విని నన్ను చీపురు తిరగేసి రెండు తగిలించింది. ఆ దెబ్బలు నాకు హాయిగా అనిపించాయి. తరవాత ఆమే మళ్ళీ తన చేత్తో గాట్లు పెట్టి వండింది. తాత తినలేదు. కర్ కర్ చప్పుడు వసారాలోకి వినిపించింది కదా అని మామ్మ అడిగింది. వినిపించిందన్నాడు. కానీ ముద్ద నోటి దాకా తెచ్చి మళ్ళీ కంచంలోనే పెట్టేశాడు. నమ్మకం అనేది అంతే, ముల్లు పోయాక కూడా గుచ్చుకున్న చోటు ఉంటుంది.

అప్పుడు మామ్మ ఇంకో దారి పట్టింది. చేప ఉడికాక ముళ్ళన్నీ తనే ఏరి, కండ అంతా పిండిలా నలిపి, అన్నంలో కలిపి, ముద్ద చేసి తాత నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె అది ప్రేమతోనే చేసింది, నాకు ఇప్పుడూ అనుమానం లేదు. తాత ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. "నన్ను పసిగుంటణ్ణి సేసీకు," అన్నాడు. "ముల్లు లేకపోతే అది సేపేటే. పిండి." మామ్మ ఆ ముద్ద తీసుకెళ్ళి కోళ్ళకి వేసింది. ఆ తరవాత మా ఇంట్లో చేపల మాట ఎత్తడం మానేశారు. నూకాలు బుట్టతో వీధిలో వెళుతుంటే అమ్మ తలుపు దగ్గరికి వేసేది.

ఆ రోజులు ఎన్నో నాకు తెలీదు. వాన వెలిసి, వరి ఈనే దాకా అనుకుంటాను. వసారా ముందు నీరెండ పడేది, తాత మంచం మీద కదలకుండా కూర్చునేవాడు. నూతికి వెళ్ళేటప్పుడు అడుగులు తడబడేవి. ఒకసారి పన్నెండో అడుగు దగ్గర ఆగిపోయి, ఎటు వెళ్ళాలో మర్చిపోయినట్టు నిలబడ్డాడు. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు. అది చూసి నేను చెరకు తోటలోకి వెళ్ళి ఏడ్చాను. తాతకి చూపు పోయింది ఎప్పుడో, మిగిలినదాన్ని నేను తీసేశాననిపించింది. ఆ ఆకుల మధ్య పచ్చటి చీకట్లో ఎంతసేపు కూర్చున్నానో, గాలికి చెరకు ఆకులు ఒకదానికొకటి రాసుకుని చేసే చప్పుడు కూడా నాకు కర్ కర్ మనే వినిపించేది.

ఒక సంత రోజు మామ్మా అమ్మా వడ్డాది వెళ్ళారు. తాత నన్ను పిలిచి, నూకాలు వస్తే ఆపమన్నాడు. ఆమె దగ్గర రెండే రెండు పరిగెలు తీసుకోమన్నాడు. నన్ను కత్తిపీట తెచ్చుకుని తన మంచం పక్కన కూర్చోమన్నాడు. ఆనాడు ఎలా కోశానో అలాగే కొయ్యమన్నాడు. పొలుసు తీసి, పొట్ట తీసి, గాట్లు పెట్టాను. ఎండ కాస్తోంది, వాన లేదు, కోళ్ళు కూడా అరవడం లేదు. చప్పుడు రాలేదు. నాకు అప్పుడు వినిపించింది, ఆ రాకపోవడం.

తాత చెయ్యి చాపాడు. చేప ఇచ్చాను. బొటనవేలితో గాట్ల మీద తోకనుంచి తలకి, తలనుంచి తోకకి రాశాడు. ఆయన వేళ్ళు పాకం ఉండ పట్టి చూసిన వేళ్ళు, వాటికి అబద్ధం చెప్పడం కష్టం. అయినా నేను చెప్పాను.

"ఏ సేత్తో కోసేవే?" అన్నాడు.

"కుడిసేత్తోనే తాతా."

"మీ మామ్మ లేదులే ఇక్కడ. సెప్పు."

నేను ఎడమచెయ్యి వెనక్కి దాచుకున్నాను. తాత నా ఎడమచెయ్యి వెతికి పట్టుకుని, అరచేయి పైకి తిప్పి, దాని మీద గోటితో గీతలు గీశాడు. "ఇది సేప అనుకో. తల ఇటు. ముల్లు ఇలా వాలి ఉంటాది, తోకేపు. మీ మామ్మ గాటు దానికి అడ్డంగా పడతాది. అందుకే కర్ మంటాది. నీ గాటు ముల్లు ఎటు వాలిందో అటే పోతంది. రెండూ పక్కపక్కన పడుకున్నాయి, ఇంకేటి తెగుద్ది?"

నేను ఏడుస్తూ, ఇకనుంచి కుడిచేత్తో లాగడం నేర్చుకుంటానన్నాను. తాత నవ్వాడు. ఆ మధ్య కాలంలో ఆయన నవ్వగా వినడం అదే మొదలు. పెనం దగ్గర తనతో పాటు పుర్రచేతివాడు ఒకడు పని చేసేవాడనీ, తెడ్డు తిప్పితే పాకం అందరి మీదా చిందేదనీ, వాణ్ణి కుడిచేతికి మార్చాలని ఒక సీజనంతా తిట్టారనీ చెప్పాడు. తిట్టిన కొద్దీ వాడు కుండలే పగలగొట్టాడట. చివరికి వాణ్ణి పెనానికి అవతలి వైపు నిలబెట్టారు. అంతటితో చిందడం ఆగిపోయింది.

"సెయ్యి మార్సకు," అన్నాడు తాత. "సేపని తిప్పు. తల కుడిసేతిలోకి తీసుకో, తోక ఎడమసేతిలోకి. ఇప్పుడు లాగు నీ సేత్తో."

రెండో చేప అలా పట్టుకున్నాను. చేతులకి వింతగా ఉంది, అద్దంలో జడ వేసుకుంటున్నట్టు ఉంది. కత్తికి ఆనించి ఎడమచేత్తో లాగాను. కర్ మంది. నేను ఆగిపోయాను. తాత కూడా ఆగిపోయాడు, చుట్ట చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ లాగాను. మళ్ళీ కర్ మంది. తోకదాకా వెళ్ళాను, అటు తిప్పి మళ్ళీ వెళ్ళాను. ఎండలో, ఆ ఖాళీ వసారాలో, ఆ చిన్న చప్పుడు ఎంత పెద్దగా వినిపించిందో. తాత పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

మామ్మ, అమ్మ సంతనుంచి వచ్చేసరికి దాకలో ఒకే ఒక్క చేప ఉడుకుతోంది. మొదటిది తాత కోళ్ళకి వేయమన్నాడు. మామ్మ వాసన పట్టి, మొహం మార్చుకుని, చీపురు కోసం వెతికింది. తాత వసారాలోంచి, కంచం పెట్టమని కేకేశాడు. తల ఎడమ వైపుకి పెట్టి నేనే వేశాను. మామ్మ ఒక చేతిలో అన్నం ముద్ద, ఇంకో చేతిలో అరటిపండు పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది. అమ్మ గుమ్మంలో నిలబడింది. తాత తడిమాడు, వెన్నుముల్లు లాగాడు, అంచున పెట్టాడు. కండ విరిచి అన్నంలో కలిపాడు. ముద్ద నోటి దాకా వెళ్ళింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూశాడు. తరవాత నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మేం ముగ్గురం నమలకుండానే నమిలాం. మింగాడు. గొంతు పైకి వెళ్ళి కిందకి దిగింది. ఆయన తలెత్తి ఎటో చూస్తూ రెండో ముద్ద కలిపాడు. అలా చేప అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు కంచం కాస్త ముందుకి తోసి, "ఇంకోటి ఎయ్యండి," అన్నాడు. ఇంకోటి లేదు. మామ్మ అరటిపండు ఒలిచి తనే తినేసింది.

ఆమె నన్ను ఏమీ అనలేదు. చేతి సంగతి తాత ఆమెకి చెప్పాడో లేదో కూడా నాకు తెలీదు. కానీ మర్నాడు పొద్దున నేను లేచేసరికి చూరు కింద కత్తిపీట ఉండే చోటు మారింది. అప్పటిదాకా అది ఎడమ పక్క గోడకి ఆనుకుని ఉండేది, అక్కడ కూర్చుంటే నా ఎడమ మోచెయ్యి గోడకి తగిలేది. మామ్మ దాన్ని అవతలి పక్క గోడ దగ్గరికి జరిపింది. ఇప్పుడు గోడ ఆమె కుడి మోచేతికి తగులుతుంది. ఆమె బతికున్నంత కాలం ఆ పక్కనే కూర్చుని, మోచెయ్యి గీరుకుంటూనే, చుట్ట పెదవి మూలల మధ్య తిప్పుకుంటూ తన చేపలు కోసుకుంది. తాతకి మాత్రం నేనే కోసేదాన్ని. ఆ తరవాత ఆరేళ్ళు, నాకు పెళ్ళై వెళ్ళేదాకా. ఒక్క ముల్లు కూడా ఆయన గొంతు దాకా వెళ్ళలేదు. నూతికి మళ్ళీ పద్దెనిమిది అడుగులే వేశాడు.

ఇప్పుడు గాజువాకలో మా వీధి చివర ఏసీ కొట్లో ముళ్ళు లేని చేప ముక్కలు అమ్ముతారు. తెల్లగా, చదరంగా, పనీర్ ముక్కల్లా ఉంటాయి. మా అమ్మాయి హారిక అవి తప్ప తినదు. దాన్నేమీ అనను, దాని గొంతు దాని ఇష్టం. వండటం కూడా తేలిక, పది నిమిషాల పని. కానీ దేనికది విడదీసి, అన్నీ ఏరేసి, అందించిన దాన్ని నోట్లో వేసుకున్నప్పుడు నాకు మాత్రం తాత మాట గుర్తొస్తుంది, పిండి అన్న మాట. ఆ రోజుల్లో ఒక చేప తినడానికి ఇంట్లో ముగ్గురి చేతులు, ఒకరి చెవి, ఒక మధ్యాన్నం పట్టేవి. అంత టైము ఎవరికుంది అంటారు. నిజమే, నాకూ లేదు. చదువు కూడా నేను బస్సుల్లో, కుక్కర్ విజిళ్ళ మధ్య చదివాను. అప్పటి నిదానం మంచిదనీ ఇప్పటి తొందర చెడ్డదనీ చెప్పలేను. ఆ నిదానంలోనే కదా నన్ను పదో తరగతితో ఆపి పెళ్ళి చేసేశారు. ఈ తొందరలోనే నాకు డిగ్రీ వచ్చింది.

మధ్యాన్నం అమ్మా నేనూ అన్నానికి కూర్చున్నాం. అమ్మకి చూపు బాగానే ఉంది, అయినా ఒక్క ముల్లు కూడా ఏరకుండా నాలుగు పరిగెలు తినేసింది. అప్పుడు అడిగింది, పరీక్షలు ఎలా రాశావే అని. అడగడమే ఆలస్యం, మొదలుపెట్టాను. మొదటి రోజు పరీక్ష హాల్లో అన్నీ చేతికి పలక తగిలించిన కుర్చీలే. పలక కుడి వైపునే ఉంటుంది. ఎడమచేత్తో రాసేవాళ్ళు ఒళ్ళు మెలితిప్పుకుని రాయాలి. నేను అరగంట అలా రాసి, నడుం పట్టేసి, లేచి నిలబడ్డాను. పక్క కుర్చీ పలక నా ఎడమ చేతి వైపు ఉంది. నా కుర్చీని దానికి ఆనించి జరుపుకుని, ఆ పలక మీద పేపరు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. పరీక్ష హాలు చూసుకునే సారు వచ్చి ఇదేంటమ్మా అన్నాడు. నా చెయ్యి మారదు సార్, కుర్చీ జరుపుకుంటానన్నాను. ఆయన చప్పుడు చెయ్యకుండా జరుపుకోమన్నాడు. అన్ని పేపర్లూ అలాగే రాశానమ్మా, రెండు కుర్చీల మీద ఒక్కదాన్నే కూర్చుని, అని చెప్పి గర్వంగా అమ్మ మొహంలోకి చూశాను.

అమ్మ పులుసు వేళ్ళు నాక్కుంటూ ఆలోచనలో పడింది.

"అయితే ఆ కుర్సీలో కూకోవాల్సినోళ్ళు ఎక్కడ కూకున్నారే?" అంది.

ఐదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు రాని ప్రశ్న అది. గుర్తు చేసుకున్నాను. సన్నటి పిల్ల, హారిక వయసుది, రెండు జడలు. పేరు అడగనైనా అడగలేదు. మొదటి రోజు నేను పేపరు తన పలక మీద పెట్టగానే ఆ పిల్ల నా వైపు చూసి, ఏమీ అనకుండా తన పేపర్లు తీసుకుని, వెనక వరసలో ఫ్యాను లేని చోటికి వెళ్ళి కూర్చుంది. ఆ తరవాత ప్రతి పరీక్షకీ నేను వెళ్ళేసరికి ఆ కుర్చీ ఖాళీగానే ఉండేది.

"ఎనక్కి జరిగింది అమ్మా," అన్నాను.